భాష రాని ప్రాంతంలో నేను కుదురుకున్న తీరు

మావారి బదిలీ మీద మేము మన భాష మాట్లాడని ప్రాంతానికి వచ్చాం. వచ్చాక ఇంట్లో ముగ్గురం మూడు రకాలుగా కుదురుకున్నాం. అందరికన్నా ముందు మా అబ్బాయి. బడిలో చేరిన కొన్నాళ్ళకే వాడికి అలిగే స్నేహితుడు, బతిమాలే స్నేహితుడు ఇద్దరూ దొరికారు. తర్వాత మావారు. చివరగా నేను. నా ఉద్యోగం ఇంటి నుంచే, లాప్‌టాప్‌లోనే. ఊరు మారినా పని మారలేదు, పనిలో మనుషులూ మారలేదు. ఎంత అదృష్టమో అన్నారు చాలామంది. నన్ను వెనక్కి లాగింది ఆ అదృష్టమే. గడప దాటకపోయినా నాకు రోజు గడిచిపోతుంది. కొత్త ఊళ్ళో ఒక్కరికీ నా ముఖం తెలియాల్సిన అవసరం రాదు.

పిల్లలకి భాష తొందరగా పట్టుబడుతుంది, అందుకే వాళ్ళు తొందరగా కలిసిపోతారని అందరూ అంటారు. మావాడికి మాత్రం భాష రాకముందే స్నేహితులు వచ్చారు. భాష ఆ స్నేహితుల వెనకాల వచ్చింది. వాడికి ఉన్నదీ నాకు లేనిదీ ఒక్కటే: రోజూ అదే వేళకి, అదే గదిలోకి, ఆ పిల్లలనే తెచ్చి పక్కపక్కన కూర్చోబెట్టే బడి గంట. పెద్దవాళ్ళకి ఆ గంట ఎవరూ కొట్టరు, మనమే ఏర్పాటు చేసుకోవాలి. నేను ఇక్కడ మనుషుల్లో పడ్డది ఆ ఏర్పాటు వల్లనే. అందుకని ఎక్కువ దాని గురించే చెబుతాను.

సామాను సర్దడం, బడిలో చేర్పించడం, కాగితాల మీద చిరునామా మార్పించడం, ఈ పనులు ఉన్నన్నాళ్ళు నాకు దిగులు తెలియలేదు. అవన్నీ తీరి చేతులు ఖాళీ అయ్యాకే మొదలైంది. చిన్నచిన్న వాటికే అలసిపోయేదాన్ని. దుకాణానికి వెళ్ళేముందు అడగాల్సిన వాక్యం దారంతా మనసులో కూర్చుకోవడం, తీరా వాళ్ళు ఎదురు ప్రశ్న వేస్తే ఆ కూర్పంతా చెదిరిపోవడం. ఎవరైనా తలుపు తడితే, వాళ్ళు దేనికొచ్చారో తెలిసేలోపే గుండె దడ. ఎదుటివాళ్ళు గట్టిగా మాట్లాడుతుంటే అది కోపమో, వాళ్ళ మాట తీరే అంతో తేల్చుకోలేకపోవడం. రాత్రయ్యేసరికి కొండలు మోసినంత నీరసం.

కష్టం వస్తే దాని గురించి వెతికి చదవడం నా అలవాటు. కాలెర్వో ఓబెర్గ్ అనే మానవశాస్త్రవేత్త 1954లో రియో డి జనీరోలోని ఒక మహిళా క్లబ్బులో ఈ విషయం మీదే ప్రసంగించాడు. ఎదురుపడితే ఏమనాలి, పిలుపు వస్తే ఎప్పుడు ఒప్పుకోవాలి, ఎప్పుడు వద్దనాలి, ఎదుటివాళ్ళ మాటని ఎంతవరకు నిజంగా తీసుకోవాలి, ఇలాంటి వేలకొద్దీ గుర్తులు మనకి తెలియకుండానే మనల్ని నడిపిస్తుంటాయనీ, అవి ఒక్కసారిగా లేకపోవడం వల్లే ఈ ఆందోళన పుడుతుందనీ ఆయన అన్నాడు. అది చదివాక నా అలసట మీద నాకు గౌరవం కలిగింది. సొంత ఊళ్ళో ఆలోచన లేకుండా జరిగిపోయే ప్రతి పనికీ ఇక్కడ బుర్ర పని చేయాల్సి వస్తోంది, మరి అలసిపోకుండా ఎలా ఉంటుంది? నార్వే పరిశోధకుడు స్వెర్రె లిస్‌గార్డ్ అమెరికా వెళ్ళొచ్చిన 200 మంది నార్వేవాళ్ళని అడిగి 1955లో ప్రచురించిన అధ్యయనం కూడా చూశాను. ఆరు నెలల లోపు ఉన్నవాళ్ళకన్నా, ఏడాదిన్నర దాటి ఉన్నవాళ్ళకన్నా ఆ మధ్యకాలం ఉన్నవాళ్ళే సరిగ్గా ఇమడలేకపోయారట. అందరి విషయంలో అలాగే జరగదని తర్వాతివాళ్ళు తేల్చారు. నా మటుకు నాకు దిగులు మొదట్లో కాకుండా నడుమ రావడం వింతేమీ కాదని తెలియడమే పెద్ద ఊరట.

ఇక గంట సంగతి. ఇంటికి నడిచి వెళ్ళేంత దూరంలో ఒకావిడ కుట్టు తరగతులు నడుపుతున్నారని అపార్ట్‌మెంట్ కాపలాదారు చెప్పాడు. వారానికి రెండు రోజులు, రోజుకి రెండు గంటలు. కుట్టుపని మీద నాకు అప్పటిదాకా ప్రత్యేకమైన ఇష్టం లేదు. ఆ వేళ, ఆ దూరం, ఆ నియమం చూసి చేరాను. ఎవరైనా సలహా అడిగితే ఇప్పుడూ ఇదే చెబుతాను: విషయం ఏదైనా కానీ, నడిచి వెళ్ళేంత దగ్గర ఉండాలి, వచ్చేవాళ్ళు మారకూడదు, చేతులకి పని ఉండాలి.

చేతులకి పని ఎందుకంటే, భాష రాని మనిషికి మౌనం చాలా బరువు. నలుగురు కూర్చుని కబుర్లాడే చోట మాట్లాడకుండా కూర్చుంటే అందరి చూపూ మన మీదే ఉన్నట్టుంటుంది. అదే గుడ్డ మీద చాక్ ముక్కతో గీతలు గీస్తూ మాట్లాడకపోతే ఎవరూ పట్టించుకోరు. పైగా అక్కడ భాష వస్తువులతో కలిసి వస్తుంది. కత్తెర చేతిలో పెడుతూ కత్తెర అంటారు, దారం తెగితే దారం అంటారు. అంకెలు నాకు టేపు మీదే వచ్చాయి. చుట్టుకొలత, పొడవు, భుజం, అన్నీ టీచరు గారు పైకి చదువుతుంటే నేను రాసుకోవాలి. తప్పు రాస్తే గుడ్డ పాడవుతుంది కాబట్టి మళ్ళీ అడగక తప్పదు, ఆవిడా విసుక్కోకుండా మళ్ళీ చెప్పేవారు. అంకెలు చెవికి పట్టుబడ్డాక బయటి లోకంలో సగం భయం పోయింది. ధర, ఇంటి నంబరు, బస్సు నంబరు, డాక్టరు రమ్మన్న వేళ, అన్నీ అంకెలే.

అంకెల తర్వాత నేను పట్టుబట్టి నేర్చుకున్నవి ప్రశ్నలు: ఎక్కడ, ఎప్పుడు, ఎంత, ఎవరు, ఎలా. వీటికి తోడు "కొంచెం నెమ్మదిగా చెప్పండి", "మళ్ళీ ఒకసారి అనండి". ఈ రెండు వాక్యాలూ నోట్లో తడుముకోకుండా రావాలి. అవి వస్తే మిగతాది ఎదుటివాళ్ళే నేర్పుతారు. ఎవరితో మాట్లాడినా గౌరవంగా పిలిచే రూపమే వాడాను, పిల్లలతో సహా. మనకి మీరు, నువ్వు ఉన్నట్టే ఇక్కడా ఉన్నాయి. చిన్నపిల్లని మీరు అంటే వాళ్ళు నవ్వుతారు, అంతే. పెద్దమనిషిని నువ్వు అంటే ఆ నొప్పి చాలాకాలం ఉంటుంది. ఇక ఒకరితో ఒకరుగా మాట్లాడేటప్పుడు వచ్చిన ధైర్యం గుంపులో రాదు. ఒకరి మాట మీద ఇంకొకరు మాట వేసుకుంటూ పోతే నాకు మొదలూ చివరా మాత్రమే అందేవి. అందుకని తరగతికి అందరికన్నా కాస్త ముందు వెళ్ళి, ముందే వచ్చే ఒకరిద్దరితో మాట్లాడేదాన్ని. నా స్నేహాలు మొదలైంది ఆ ఖాళీ సమయంలోనే.

స్నేహానికి ఎంతసేపు పడుతుందని ఎవరైనా లెక్కగట్టారా అని వెతికితే, గట్టారు. కాన్సాస్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ హాల్ ఈమధ్యే ఊరు మారిన పెద్దవాళ్ళనీ, కొత్తగా చేరిన విద్యార్థులనీ అడిగి 2018లో ప్రచురించాడు. ముఖపరిచయం మామూలు స్నేహం కావడానికి సుమారు 50 గంటలు, గట్టి స్నేహం కావడానికి 200 గంటలకి పైనే కలిసి గడపాలని ఆయన అంచనా. అదీ కలిసి ఉద్యోగం చేసిన గంటలకన్నా తీరిగ్గా గడిపిన గంటలే ఎక్కువ పనిచేస్తాయట. వారానికి నాలుగు గంటల చొప్పున 50 గంటలకి దాదాపు మూడు నెలలు, 200 గంటలకి దాదాపు ఏడాది. ఈ లెక్క నన్ను చాలా నిమ్మళపరిచింది. తరగతిలో అందరూ మర్యాదగా ఉంటున్నారు గానీ ఒక్కరూ దగ్గర కావడం లేదని బాధపడుతున్న రోజులవి. వాళ్ళలో లోపం లేదు, నాలోనూ లేదు. గంటలు చాలలేదు.

ఇంటి దగ్గర పరిస్థితి వేరు. మనస్తత్వవేత్త లియాన్ ఫెస్టింగర్, ఆయన సహచరులు 1950లో ప్రచురించిన ఒక అధ్యయనం ఉంది. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ విద్యార్థుల కుటుంబాలుండే ఇళ్ళలో ఎవరికెవరు స్నేహితులయ్యారో చూస్తే, ఒకే అంతస్తులో పక్క తలుపువాళ్ళతో స్నేహం కుదిరింది 41 శాతం మందికి, ఆ చివరివాళ్ళతో కుదిరింది 10 శాతం మందికి. మెట్ల దగ్గర ఇళ్ళవాళ్ళకి పై అంతస్తు స్నేహాలు కూడా ఎక్కువ. దీన్నిబట్టి నేనొక మార్పు చేశాను. రోజూ సాయంత్రం అమ్మతో, అక్కతో వీడియోలో మాట్లాడేదాన్ని. మా అపార్ట్‌మెంట్లో అందరూ పిల్లల్ని తీసుకుని కిందికి దిగేది సరిగ్గా ఆ వేళకే. అమ్మకి చెప్పి ఆ మాటలు రాత్రి భోజనాల తర్వాతకి మార్చుకున్నాను. సాయంత్రం కింద మెట్ల దగ్గర బల్ల మీద కూర్చోవడం మొదలుపెట్టాను. ఏం మాట్లాడాలో తెలియకపోయినా, రోజూ అదే బల్ల. కొన్నాళ్ళకి నేను దిగడం ఆలస్యమైతే ఒంట్లో బాగాలేదా అని అడగడం మొదలైంది.

సాయం అడగడం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కొత్తగా వచ్చినవాళ్ళం ఎవరికీ భారం కాకూడదని బిగుసుకుని ఉంటాం. పక్కింటి పెద్దావిడ దగ్గర నేను ముందు అడిగింది చిన్న సాయం: పిల్లలకి మంచి డాక్టరు ఎవరో చెప్పమని. ఆవిడ చెప్పడంతో ఆగలేదు. దారి గీసిచ్చారు, ఏ వేళకి వెళితే జనం తక్కువో చెప్పారు, మర్నాడు ఏమైందని అడిగారు. జ్వరం వచ్చాక డాక్టరుని వెతుక్కోవడం కన్నా ముందే తెలుసుకోవడం ఎలాగూ మంచిది. దానికన్నా మంచిది, ఆవిడకి మా ఇంటి సంగతి ఒకటి తెలియడం. తర్వాత మారు తాళంచెవి వాళ్ళింట్లో పెట్టమని అడిగాను. ఆవిడ దాన్ని బాధ్యతగా తీసుకున్నారు. తర్వాత ఆవిడ తన ఫోనులో ఏదో కుదరక నా దగ్గరికి వచ్చినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. అప్పటిదాకా తీసుకునేదాన్నే, ఆ రోజు నుంచి ఇచ్చేదాన్ని కూడా అయ్యాను.

అన్ని తలుపులూ తెరుచుకోలేదు. కింద చేరేవాళ్ళలో చిన్నప్పటి నుంచీ కలిసి పెరిగిన ఆడవాళ్ళ జట్టు ఒకటుంది. పలకరిస్తారు, నవ్వుతారు, మళ్ళీ తమలో తాము. వాళ్ళ గంటలు ఎప్పుడో నిండిపోయాయి, కొత్త మనిషికి చోటు లేదు. దాన్ని తిరస్కారం అనుకోవడం నాకు న్యాయంగా తోచలేదు. వాళ్ళకన్నా నాలాగే వేరే చోట్ల నుంచి వచ్చినవాళ్ళు తొందరగా దగ్గరయ్యారు.

మన భాషవాళ్ళు కలుసుకునే బృందం కూడా ఇక్కడ ఉందని తెలిసి వెళ్ళాను. గుక్క తిప్పుకోకుండా మాట్లాడి, పొట్ట చెక్కలయ్యేలా నవ్వి ఇంటికొచ్చాను. అక్కడ కొందరు ఏళ్ళ తరబడి ఉంటున్నా ఈ ఊరి మనిషి ఒక్కరూ తెలియరు. ప్రతి మాటా "మా ఊళ్ళో అయితేనా" అని మొదలవుతుంది. ఆ మాటలో తప్పు లేదు, మనింట్లో మనమూ అనుకుంటాం. స్థానికుల ముందు ఆ మాట అంటే మాత్రం సంభాషణ అక్కడితో ఆగిపోతుంది, ఎదుటివాళ్ళకి తమ ఊరిని సమర్థించుకోవడం తప్ప ఇంకో దారి ఉండదు. "ఇక్కడ ఎలా చేస్తారు?" అని అడిగితే అరగంట చెబుతారు. వలస వచ్చినవాళ్ళని చాలాకాలం అధ్యయనం చేసిన జాన్ బెర్రీ, తమ సంస్కృతిని వదులుకోకుండా కొత్త సమాజంతోనూ కలిసేవాళ్ళే మొత్తం మీద బాగా ఇముడుతున్నారని రాశాడు. నేను మన బృందానికి నెలకొకసారి వెళతాను, అది నాకు కావాలి. మిగతా సాయంత్రాలు బల్ల దగ్గరివి.

ఇప్పుడు కుట్టు తరగతిలో ఇద్దరితో ఇంటి విషయాలు చెప్పుకునేంత చనువుంది. ఒకరి కూతురి పెళ్ళిపనుల్లో కాజాలు కుట్టే బాధ్యత నాకిచ్చారు. గుంపు మాటల్లో హాస్యం ఇప్పటికీ నాకు ఒక క్షణం ఆలస్యంగా అందుతుంది, అందరూ నవ్వాక నవ్వుతాను. చదవడం ఇంకా కూడబలుక్కునే దశలోనే ఉంది. బస్సు బోర్డులు వచ్చాయి, దుకాణాల పేర్లు వచ్చాయి. బడి నుంచి వచ్చే కాగితాలు మాత్రం మావాడే చదివి చెబుతున్నాడు. ఈసారి పరీక్షల ముందు వచ్చే కాగితం నేనే చదువుతానని వాడికి చెప్పాను. రోజూ రాత్రి అమ్మతో మాట్లాడే ముందు కాసేపు వాడి పాత వాచకం ముందేసుకుని కూర్చుంటున్నాను.