రెక్కలో బొటనవేలు

మా బావమరిది ఒక నవల రాస్తున్నాడు. దేవదూతలకూ దయ్యాలకూ యుద్ధం. బొమ్మలు నేను వేస్తున్నాను. మొత్తం 38 అనుకున్నాం, 37 అయ్యాయి. దయ్యాలు చకచకా వచ్చేశాయి. దేవదూతల దగ్గరే నాకు ఏడాది పట్టింది.

నేను టెక్కలిలో షాపులకి బోర్డులు రాసేవాణ్ని. ఫ్లెక్సీలు వచ్చాక కంప్యూటర్‌ నేర్చుకున్నాను. పగలంతా ఆ పని, రాత్రి భోజనాలయ్యాక ఈ నవల పని. మొదట వేసిన దేవదూతకి తెల్లటి అంగీ, వీపు మీద రెండు తెల్లటి రెక్కలు. బావమరిది చాలాసేపు చూసి, "ఏటి బావా, ఇవి అంటించినట్టున్నాయి. ఎగిరేలా లేవు" అన్నాడు. నాకూ అలాగే అనిపించింది.

వాడు చర్చిలో పాటలు పాడతాడు. బైబిల్ తెచ్చి యెషయా ఆరో అధ్యాయం చదివి వినిపించాడు. సెరాపులనే దూతలకి ఆరేసి రెక్కలట. రెండింటితో ముఖం కప్పుకుంటారు, రెండింటితో కాళ్లు కప్పుకుంటారు, మిగతా రెండింటితో ఎగురుతారు. యెహెజ్కేలు ప్రవక్త చూసిన జీవులకైతే నాలుగేసి ముఖాలు: మనిషి, సింహం, ఎద్దు, పక్షిరాజు. గబ్రియేలు దూత కనిపించగానే యేసు తల్లి మరియకి భయపడొద్దని చెప్పాల్సి వచ్చింది. అంటే చూడగానే గుండె ఝల్లుమనే రూపం అన్నమాట. నేను క్యాలెండర్‌ బొమ్మ వేశాను.

అప్పుడు తేలినీలాపురం వెళ్లడం మొదలుపెట్టాను. వానలు వెనకబట్టాక పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు ఆ ఊళ్లోకి వచ్చి, ఇళ్ల మధ్య చెట్ల మీదే గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతాయి. అవి వస్తే పంటలు బాగుంటాయని ఊరివాళ్ల నమ్మకం. ఎవరూ వాటి జోలికి పోరు. అందుకే చెట్టు కిందే కూర్చుని గంటలు గంటలు గీసుకునే వీలుంది.

ఆదివారం ఆదివారం వెళ్లేవాణ్ని. ఒకరోజు పెలికాన్ ఒకటి గూటి మీద దిగడం దగ్గరగా చూశాను. రెక్కలు పూర్తిగా విప్పి, వెనక్కి వంచి, గాల్ని ఆపుతూ దిగింది. కొసన ఉన్న పెద్ద ఈకలు వేళ్లలా విడిపోయాయి. రెక్క వంపు దగ్గర, మన బొటనవేలు ఉండాల్సిన చోట, చిన్న ఈకల గుత్తి ఒకటి పైకి లేచింది. వేగం తగ్గేటప్పుడు పడిపోకుండా కాసేది అదే. రెక్కంటే ఏమిటో నాకప్పుడు తెలిసింది. అది చెయ్యే. భుజం, మోచెయ్యి, మణికట్టు, వేలు, అన్నీ అందులో ఉన్నాయి. ఇంటికొచ్చి పాత బొమ్మలన్నీ పక్కన పెట్టేసి, భుజం ఎముక దగ్గర్నుంచి మొదలుపెట్టాను. అంత బరువు మోసే రెక్కని ఆడించాలంటే ఛాతీ కండ ఎంతుండాలో చూసుకుని దూతల రొమ్ములు వెడల్పు చేశాను. అంగీలు చింపేశాను.

దాంతో దయ్యాల బొమ్మలూ మార్చాల్సి వచ్చింది. పడిపోయిన దూతలే దయ్యాలయ్యారని కదా కథ. మరి వాళ్లకి గబ్బిలం రెక్కలు ఎక్కణ్నుంచి వస్తాయి? అదే భుజం, అదే మోచెయ్యి ఉండాలి. ఈకలు రాలిపోయిన చోట చర్మం కనిపించాలి. ఈ మాట చెప్తే బావమరిది రెండు అధ్యాయాలు తిరగరాశాడు.

యుద్ధం ముగిసిన పొద్దు బొమ్మకి మాత్రం నేను ఎక్కడికీ వెళ్లనక్కర్లేకపోయింది. 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుఫాను వచ్చింది. వజ్రపుకొత్తూరు దగ్గర మా అమ్మమ్మ వాళ్ల తోటకి దారి పొడవునా పడిన చెట్లు దాటుకుంటూ వెళ్లాం. కొన్ని కొబ్బరిచెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. కొన్ని నిలబడే ఉన్నాయి గానీ మొవ్వు విరిగిపోయింది. మొవ్వు పోయిన చెట్టు ఇక బతకదు. మామయ్య ఆ నిలబడ్డ చెట్లని చూసే ఏడ్చాడు. ఆ తోటనే, ఆ చెట్లనే గీశాను. మధ్యలో ఎవరినీ పెట్టలేదు. రెక్కలూ లేవు, కత్తులూ లేవు.

ఇంకొక్కటే మిగిలింది, ఆఖరి బొమ్మ. ఒకప్పుడు దూతకి జోడీగా ఎగిరినవాడు ఇప్పుడు దయ్యమై కిందకి పడిపోతుంటాడు. రెక్కల నిండా చర్మమే. పెన్సిల్‌తో గీసేటప్పుడు ఆ బొటనవేలి దగ్గర చెయ్యి ఆగింది. అక్కడ మాత్రం నాలుగు ఈకలు ఉంచాను, లేచి ఉన్నట్టు. బావమరిది చూశాడు, ఏమీ అనలేదు. రేపు రాత్రి ఇంకు పెట్టాలి.