బీబీ ఫాతిమా చేతులు, ఆమె తస్బీహ్

తిరగలి పిడి పట్టుకుని రోజూ విసిరితే అరచెయ్యి ముందు ఎర్రబడుతుంది. తర్వాత పొక్కు లేస్తుంది. పొక్కు చితికి మానిన చోట కాయ కాస్తుంది. దైవప్రవక్త ముహమ్మద్ (స) గారి ముద్దుల కూతురు ఫాతిమా చేతులు అలాంటి చేతులు. ఈ సంగతి చెప్పింది ఆమె భర్త హజ్రత్ అలీయే. తిరగలి విసిరి విసిరి చేతుల మీద, తోలుతిత్తితో నీళ్లు మోసి మోసి గొంతు కింద ఎముక దగ్గర గుర్తులు పడ్డాయని, ఇల్లు ఊడ్చి బట్టలు దుమ్ము కొట్టుకుపోయేవని ఆయన చెప్పిన మాట హదీసు గ్రంథాల్లో, అంటే దైవప్రవక్త మాటలూ చేతలూ నమోదైన గ్రంథాల్లో ఉంది.

ఆ ఇంట్లో ఉన్న సామాను ఎంతో తెలిస్తే ఈ మాట ఇంకా బాగా అర్థమవుతుంది. పెళ్లి జరిగింది హిజ్రీ 2లో, బద్ర్ యుద్ధం తర్వాత, అంటే 624 ప్రాంతంలో. మెహర్‌గా (వరుడు వధువుకు ఇచ్చే కానుకగా) ఇవ్వడానికి అలీ దగ్గర ఉన్న విలువైన వస్తువు ఒక్క ఇనుప కవచమే. పుట్టింటి నుంచి ఆమెతో వచ్చినవి ఒక దుప్పటి, ఖర్జూరపు పీచు కూరిన తోలు దిండు, ఒక తోలుతిత్తి, రెండు కుండలు, రెండు తిరగలి రాళ్లు. ఆ రాళ్లే ఆ ఇంటికి రోజూ రొట్టె పెట్టాయి.

ఒకసారి మదీనాకు యుద్ధ ఖైదీలు వచ్చారని తెలిసి, ఇంటి పనికి ఒక మనిషిని ఇవ్వమని అడగడానికి ఆమె తండ్రి దగ్గరికి వెళ్లారు. ఆయన ఇంట్లో లేరు. వచ్చిన పని దైవప్రవక్త భార్య హజ్రత్ ఆయిషాకు చెప్పి తిరిగి వచ్చేశారు. ఆ రాత్రి వాళ్లు పడుకున్నాక దైవప్రవక్తే కూతురి ఇంటికి వచ్చారు. లేవబోతే వద్దని వారించి ఇద్దరి మధ్యా కూర్చున్నారు. ఆయన పాదాల చల్లదనం తన ఛాతీకి తగిలిందని అలీ చెప్పారు. మీరు అడిగినదానికంటే మేలైనది చెప్పనా అని, పక్క మీదికి చేరినప్పుడు చదువుకోమని మూడు మాటలు నేర్పారు. అదే తస్బీహె ఫాతిమా, అంటే ఫాతిమా జపం.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ సంఘటనను చూపించి "ఆడవాళ్లు నోరెత్తకుండా చాకిరీ చేయాలి" అనేవాళ్లున్నారు. అది పూర్తిగా తప్పు. ఆమె నోరు తెరిచి అడిగారు. అడగడం తప్పని తండ్రి అనలేదు. మస్జిద్ అరుగు మీద తలదాచుకున్న సుఫ్ఫా వాళ్లు ఆకలితో ఉంటే వాళ్లను వదిలి మీకు ఇవ్వలేనని ఆయన కారణం చెప్పినట్టు ఒక రివాయత్‌లో (కథనంలో) ఉంది. ఆ రోజుల్లో మదీనాను ఏలుతున్నది ఆయనే. అయినా సొంత కూతురికి ముందు వరుస ఇవ్వలేదు.

ఇక చదివే పద్ధతి. సుబ్‌హానల్లాహ్ 33, అల్‌హమ్దులిల్లాహ్ 33, అల్లాహు అక్బర్ 34. మొత్తం 100. సున్నీలు ఎక్కువగా ఈ వరుసలోనే చదువుతారు. షియాలు ప్రతి ఫర్జ్ (తప్పనిసరి) నమాజు సలాంతో ముగిసిన వెంటనే, కూర్చున్న చోటు నుంచి కదలకముందే, ముందు అల్లాహు అక్బర్ 34, తర్వాత అల్‌హమ్దులిల్లాహ్ 33, చివర సుబ్‌హానల్లాహ్ 33 చదువుతారు. దీని మీద వాదులాడుకోవడం అనవసరం. సున్నీ హదీసు గ్రంథాల్లోనే తక్‌బీర్‌తో (అల్లాహు అక్బర్‌తో) మొదలయ్యే వరుసా ఉంది, తక్‌బీర్‌తో ముగిసే వరుసా ఉంది.

లెక్క ఎక్కువగా తప్పేది పూసల దగ్గరే. 33 పూసల దండతో మూడు చుట్లు తిప్పితే వచ్చేది 99. చాలామంది అక్కడే ఆపేస్తారు, 34వ తక్‌బీర్ మిగిలిపోతుంది. 99 పూసల దండలో 33 దగ్గరా 66 దగ్గరా వేరే ఆకారంలో ఒక్కో అడ్డుపూస ఉంటుంది. అది ఆగడానికి గుర్తు, లెక్కలోది కాదు. దాన్నీ కలిపితే 34 అవుతుంది. వేళ్ల మీద లెక్కే నాకు మేలనిపిస్తుంది. జిక్ర్‌ను (దైవస్మరణను) వేళ్ల మీద లెక్కపెట్టమని, రేపు ఆ వేళ్లే సాక్ష్యం చెబుతాయని దైవప్రవక్త స్త్రీలకు చెప్పిన హదీసు ఉంది. కుడి చెయ్యి ఒక్కటే చాలు. చిటికెన వేలి నుంచి మొదలుపెట్టి వేలికి 3 గణుపులు, బొటనవేలికి దాని మొదలు కూడా కలిపి 3. చుట్టుకు 15, రెండు చుట్లకు 30, మళ్లీ చిటికెన వేలికి వస్తే 33. తక్‌బీర్‌కు ఉంగరపు వేలి మీద ఇంకొక్క గణుపు. మధ్యలో అనుమానం వస్తే తక్కువ లెక్క పట్టుకుని ముందుకు పోవాలి.

రెండో చిక్కు పలకడంలో వస్తుంది. తెలుగు లిపిలో చూసి నేర్చుకున్నవాళ్లు "సుభానల్లా" అనేస్తారు. అక్కడున్నది భ కాదు. బ దగ్గర ఆగి, గొంతు లోపలి నుంచి హా పలకాలి. అల్‌హమ్ద్‌లోని హ కూడా గొంతులోదే. మన మామూలు హ పలికితే మంట చల్లారిపోవడం అనే అర్థమున్న ధాతువులోకి మాట జారిపోతుంది. "అల్లాహు"లో మొదటి అ సాగదీసి ఆ చేస్తే అది ప్రశ్న అవుతుంది. "అక్బర్"ను "అక్బార్" అంటే డోళ్లు అనే అర్థం వస్తుంది. తొందరపడితే ఇవన్నీ కలిసి ఒకటే గొణుగుడైపోతుంది. నిదానంగా చదివినా మూడు నాలుగు నిమిషాలకు మించదు. ఆ రాత్రి తర్వాత తాను ఒక్కరోజూ దీన్ని వదల్లేదని అలీ చెప్పారు. సిఫ్ఫీన్ యుద్ధపు రాత్రి కూడానా అని అడిగితే, ఆ రాత్రి కూడా అన్నారు.

ఆ చేతులు చేసిన ఇంకో పని ఉహుద్ దగ్గర కనిపిస్తుంది, 625లో. దైవప్రవక్త ముఖానికి గాయమైంది, పన్ను విరిగింది. అలీ డాలులో నీళ్లు తెచ్చి పోస్తుంటే ఫాతిమా కడిగారు. నీళ్లు పడేకొద్దీ నెత్తురు ఎక్కువవుతోందని ఆమె గమనించారు. గడ్డకడుతున్న నెత్తురును నీళ్లు మళ్లీ మళ్లీ కడిగేస్తున్నాయన్నమాట. వెంటనే ఒక చాప ముక్క కాల్చి ఆ బూడిద గాయానికి అద్దారు. నెత్తురు ఆగింది. ఇప్పుడు గాయానికి బూడిద పెట్టకూడదు, శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదమాలి. కానీ చేస్తున్న పని పనిచేయడం లేదని చూసి, ఆ క్షణంలోనే పద్ధతి మార్చిన ఆ కన్ను చూడండి.

తండ్రి పోయిన ఆర్నెల్లకు, హిజ్రీ 11లో ఆమె కన్నుమూశారని హజ్రత్ ఆయిషా రివాయత్. షియా సంప్రదాయంలో 75 రోజులనీ 95 రోజులనీ రెండు లెక్కలున్నాయి. తండ్రి తర్వాత తనకు రావాలని అడిగినా దక్కని ఫదక్ తోట విషయంలో ఆమెకు కలిగిన బాధను రెండు వర్గాలూ రెండు రకాలుగా చెప్పుకుంటాయి. చనిపోయే ముందు ఆమెకు ఒక దిగులుండేది. శవం మీద ఒక్క గుడ్డ కప్పి మోసుకెళ్తే ఆడమనిషి ఒళ్లు ఆకారం బయటికి తెలుస్తుంది. అస్మా బిన్తె ఉమైస్ అనే ఆవిడ హబషాలో (ఇథియోపియా ప్రాంతంలో) చూసిన పద్ధతి చేసి చూపించారు. పచ్చి ఖర్జూరపు మట్టలు తెప్పించి, వంచి, పైన గుడ్డ పరిచారు. పాడె మీద గుమ్మటంలా లేచింది. అది ఫాతిమాకు నచ్చింది. ఆమెను రాత్రివేళ ఖననం చేశారు. సమాధి మదీనాలోని జన్నతుల్ బఖీ ఖబరస్తాన్‌లో ఉందనేవాళ్లూ ఉన్నారు, సొంత ఇంట్లోనే అనేవాళ్లూ ఉన్నారు.

సమాధి ఎక్కడో తేలకపోయినా, ఆమె పేరు మీద హైదరాబాదులో ఒక అలం (పీరు) ఉంది. గోల్కొండ రోజుల్లో రాణి హయాత్ బక్షీ బేగం నిలబెట్టించిన బీబీ కా అలం అది. ఇప్పుడు దబీర్‌పురాలోని బీబీ కా అలావాలో ఉంటుంది. ఆమెకు ఆఖరి స్నానం చేయించిన చెక్కపలకలో ఒక ముక్క ఆ అలం లోపల ఉందని భక్తుల నమ్మకం. ముహర్రం పదో రోజున ఏనుగు మీద ఎక్కించి చార్మినార్ మీదుగా చాదర్‌ఘాట్ దాకా తీసుకెళ్తారు. దారి పొడవునా జనం దట్టీలు (అలానికి సమర్పించే గుడ్డలు) పట్టుకుని ఎదురుచూస్తుంటారు.