నాయనమ్మ అడిగితే ఆయన ముఖం చెప్పలేకపోయా

అందరికీ వందనాలండి. గుడ్ ఫ్రైడే రోజు మా ఇంట్లో జరిగింది రాద్దామని కూర్చున్నా, కాస్త పెద్దదైతే ఏమనుకోకండి.

మాది గుంటూరు, లూథరన్ కుటుంబం. నాయనమ్మకి నీటికాసుల (గ్లాకోమా) వల్ల రెండేళ్ళుగా చూపు లేదు, మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా చర్చిలో కూర్చుని, ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటలు వినే ఓపికా లేదు, అందుకని నన్ను తోడుంచి అంతా వెళ్ళిపోయారు. టీవీలో యేసు ప్రభువు కథ వస్తోంది, ఎక్కడ్నుంచో డబ్బింగ్ చేసింది, పెదాలొక దారి, మాటలొక దారి. ఆవిడకి అవేం కనపడవు కదా. తెల్లచీర కొంగు నెత్తిన కప్పుకుని, చెప్పులు విడిచి, ఒళ్ళో బైబిల్ పెట్టుకుని కూర్చుంది. చదవలేదు, ఊరికే అట్ట మీద చెయ్యి వేసి ఉంచుతుందంతే.

తప్పులు మాత్రం నాకంటే ముందే పట్టేస్తుంది. ముగ్గురు జ్ఞానులు పశువులపాకకి వచ్చారనగానే "ముగ్గురని ఎవరు చెప్పార్రా, మత్తయి కానుకలు మూడన్నాడు గానీ మనుషుల్ని లెక్కపెట్టలా, పైగా వాళ్ళొచ్చింది ఇంట్లోకి" అంది. రెండో అధ్యాయం తీసి చూశా, నిజమే! పిలాతు భార్య కలకి మాత్రం ఊఁ కొట్టింది, అది మత్తయిలోనే ఉందిగా.

ప్రభువుని పట్టుకునే గెత్సేమనే తోట సీన్ దగ్గర ఉన్నట్టుండి అడిగింది, "ఈయన ముఖం ఎట్టా ఉందిరా?"

పొడుగు జుట్టు, గడ్డం, జాలి కళ్ళు అని చెప్తూ చెప్తూ ఆగిపోయా, ఎందుకంటే నేను చెప్పేది టీవీలో ఉన్నతని ముఖం కూడా కాదు, విజయచందర్ ముఖం. 1978లో ఆయన యేసుగా వేసిన కరుణామయుడు సినిమా వచ్చేనాటికి నేను పుట్టనే లేదు, అయినా ప్రార్థనలో కళ్ళు మూస్తే నాకొచ్చేది ఆయనే. నాలుగు సువార్తలు తిరగేసినా ప్రభువు ఎత్తెంతో రంగేంటో ఒక్క ముక్క దొరకదు. ఆ తోటలో ప్రధాన యాజకుడి దాసుడు మల్కుకి తెగింది కుడిచెవి అని గుర్తుపెట్టుకుని మరీ రాసిన యోహాను, ముఖం ఊసే ఎత్తలేదు.

నాయనమ్మ యెషయా 53 తియ్యమంది. "అతనికి సురూపమైనను సొగసైనను లేదు" అని చదివా. "ప్రవక్త అట్టా రాస్తే నువ్వు పెళ్ళికొడుకుని చెప్తావేందిరా" అని నవ్వింది.

సిలువ మోస్తుండగా బట్టల సబ్బు యాడ్ వచ్చింది, నాకు ఒళ్ళు మండింది, ఆవిడ "పోనీలే, వాళ్ళ పొట్ట వాళ్ళది" అంది. ఆ గ్యాప్‌లోనే రోమా 10:17 చెప్పింది, "వినుట వలన విశ్వాసము కలుగును". 1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ దొర గుంటూరొచ్చినప్పుడు టీవీ ఎక్కడిది, మా పెద్దోళ్ళకి అక్షరమ్ముక్క కూడా రాదంట, వినే నమ్మారంట. టీవీలో బైబిల్ కథలు వద్దని నేననట్లేదండి, సండే స్కూల్లో నిద్రపోయిన నాకు దావీదు గొల్యాతు తెలిసింది టీవీ వల్లే. కాకపోతే చూసిన ముఖం ఇక వదలదు, అదే నా బాధ.

యాడ్స్ అయిపోయాయి. ఈసారి నేనూ కళ్ళు మూసుకున్నా, మళ్ళీ విజయచందరే. "సమాప్తమైనది" అని వినపడింది, పక్కన నాయనమ్మ కొంగు సర్దుకున్న చప్పుడు, ఆ తర్వాత ఇద్దరం కాసేపు ఏం మాట్లాడుకోలేదు.