గేట్లు ఎత్తి ఉంచే అడ్డుకట్ట

సివిల్ బ్రాంచి మూడో ఏడాదిలో మా బ్యాచ్ నెదర్లాండ్స్‌కు స్టడీ టూర్ వెళ్లింది. పాస్‌పోర్టు హడావుడి, వీసా టెన్షన్, మొదటిసారి విమానమెక్కిన సంబరం ఎవరికైనా ఉండేవే కాబట్టి వాటి జోలికి పోను. శుభ్రమైన రోడ్లు, టైముకొచ్చే రైళ్లు చూసి నోరెళ్లబెట్టడం కూడా త్వరగానే తగ్గింది. నా చూపు మారింది మాత్రం అక్కడి జీలాండ్ ప్రాంతంలో, ఓస్టర్‌స్కెల్డ అనే సముద్రపు పాయకు అడ్డంగా కట్టిన ఉప్పెన అడ్డుకట్ట మీద.

దాని లెక్కలు ముందే బట్టీ పట్టాం. 9 కిలోమీటర్ల కట్ట, 65 కాంక్రీటు పియర్లు (స్తంభాలు), వాటి మధ్య 62 ఉక్కు గేట్లు. 1953 జనవరి 31 రాత్రి ఉత్తర సముద్రం పోటెత్తి, కట్టలు తెగి ఆ దేశంలో 1,836 మంది పోయారు. సముద్రపు పోటును ఆపడానికి కట్టలు, అడ్డుకట్టలు కట్టే డెల్టా పనులు ఊపందుకున్నది ఆ తర్వాతే. ఇంత చూసినవాళ్లు సముద్రపు పాయను పూర్తిగా మూసేయకుండా గేట్లెందుకు పెట్టారు? మా నోట్సులో దీనికి జవాబు లేదు.

అక్కడి ఇంజినీరు చెప్పారు. మొదటి ప్లాను మూసేయడమేనట. పక్కనున్న కొన్ని పాయల్ని అలాగే మూశారు కూడా. ఇక్కడ పని నడుస్తుండగా జాలర్లు, ఆల్చిప్పలు పెంచేవాళ్లు, పర్యావరణవాదులు అడ్డం తిరిగారు. ఆటుపోట్లు ఆగితే ఉప్పునీటి జీవాలు పోతాయి, వాటితో పాటే బతుకుదెరువూ పోతుంది. 1974లో ప్రభుత్వం ప్లాను మార్చుకుంది. ఖర్చు పెరిగింది, పని జటిలమైంది, అడ్డుకట్టకు ప్రారంభోత్సవం 1986లో గానీ జరగలేదు. ఇప్పుడు మామూలు రోజుల్లో గేట్లన్నీ ఎత్తే ఉంటాయి. నీరు ప్రామాణిక మట్టానికి 3 మీటర్లు పైకొస్తుందని అంచనా ఉంటేనే దించుతారు.

అప్పటిదాకా నాకు డిజైన్ అంటే కట్టడం మోయాల్సిన లోడ్లు, భద్రత కోసం అదనంగా ఉంచే బలం, అంటే ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీ. జనం అభ్యంతరమంటే పనికి తగిలే అవాంతరం. ఇక్కడేమో ఆ అభ్యంతరం లేకపోతే ఈ డిజైనే లేదు. మా సిలబస్‌లో జాలరికి చోటెక్కడ?

ఆయన అంతటితో ఆగలేదు. అడగకుండానే లోపం కూడా చెప్పారు. గేట్లున్నా, పియర్ల వల్ల లోపలికొచ్చే నీటి జోరు తగ్గింది. దాంతో ఇసుక దిబ్బలు అరిగి లోతైన కాలువల్లోకి జారుతున్నాయి, తిరిగి పైకి చేరడం లేదు. పక్షుల మేత ఆ దిబ్బల మీదే. కట్టినవాళ్లే తమ పనిలో తేడా ఉందని విద్యార్థుల ముందు చెప్పడం నేను అంతకుముందెప్పుడూ వినలేదు. (2019లో రోగెన్‌ప్లాట్ దిబ్బ మీద ఇసుక తెచ్చి పోశారని చాలా కాలం తర్వాత చదివాను.)

బస్సెక్కాక మొదలైంది అసలు గొడవ. మూసేసి ఉంటే పీడ వదిలేదని కొందరు, అప్పుడు ఇంకా పెద్ద నష్టమని కొందరు. ఆ వాదన కాలేజీకొచ్చాక క్లాసుల్లోకీ, వైవాల్లోకీ పాకింది. ఉద్యోగంలో ప్రజాభిప్రాయ సేకరణ మీటింగులను తంతుగా చూడటం నాకు చేతకాకపోవడానికి కారణం కూడా అదే.

టూర్లకు విరాళాలిచ్చే పూర్వ విద్యార్థులకు ఒక విన్నపం. కట్టడం ఒక్కటే చూపించి పంపే చోటికి కాకుండా, కట్టినవాళ్లు నిలబడి ప్రశ్నలు వేయించుకునే చోటికి పంపండి. అదీ మూడో ఏడాదిలోనే. ఫైనలియర్‌లో అయితే తిరిగొచ్చేసరికి ప్లేస్‌మెంట్ల హడావుడి మొదలవుతుంది, చూసినదాని మీద పోట్లాడుకోవడానికి టైముండదు.