వడ్ల మొలక, ఒక సీసా నత్రికామ్లం: నా అనుభవం

యాసంగిలో మా పొలంలో పండిన సన్న వడ్లనే విత్తనంగా ఉంచుకొని, రోహిణి కార్తెలో నారు కోసం తుకం పోయాలని నిశ్చయించుకున్నాను. ముందుగా గుప్పెడు గింజలను తడిగుడ్డలో చుట్టి చూస్తే మూడో వంతు కూడా ముక్కు పగలలేదు. ధ్రువీకరించిన వరి విత్తనానికి కనీసం 80 శాతం మొలక ఉండాలని నియమం. గింజలు గట్టివే, కోసి నెల నిండకపోవడంతో ఇంకా నిద్రావస్థలో, అంటే ప్రాణం ఉండి కూడా మొలకెత్తని స్థితిలో ఉన్నాయి. విత్తనాల దుకాణదారుడు మాత్రం ఇంటి వడ్లు పనికిరావని తేల్చి, కొత్త సంచి ముందు పెట్టాడు. అమ్ముకునేవాడు అంతకంటే ఏం చెబుతాడు?

ఆ నిద్ర వదిలించే దారి వ్యవసాయ కార్యాలయంలో అడిగితే చీటీ మీద రాసిచ్చారు. లీటరు నీటికి, నిద్రావస్థ తక్కువైతే 6.3 మి.లీ., ఎక్కువైతే 10 మి.లీ. గాఢ నత్రికామ్లం (నైట్రిక్ యాసిడ్) కలిపి, అందులో వడ్లను 24 గంటలు నానబెట్టి, 48 గంటలు మండె కట్టాలి, అంటే మొలక రావడానికి గోనె సంచుల్లో మూసి ఉంచాలి. ఆ ఆమ్లం ఎక్కడ దొరుకుతుందో మాత్రం ఎవరూ చెప్పలేదు.

వరంగల్‌లో రసాయనాలు అమ్మే ఒక దుకాణానికి వెళ్లి అడగగానే, అక్కడి యువకుడు నన్ను ఎగాదిగా చూసి దేనికని ప్రశ్నించాడు. వడ్లు నానబెట్టడానికని చెప్పాను. "వడ్లకు యాసిడ్ పోస్తాడట" అని అతడు లోపలికి కేక వేస్తే అందరూ నవ్వారు. అంతటితో ఆగక, ఇంట్లో ఎవరితోనైనా తగాదా ఉన్నదా అని నా వయసైనా చూడకుండా అడిగాడు. 2008లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినులపై యాసిడ్ దాడి జరిగిన నగరమిది కనుక అనుమానించడం తప్పని నేననను. కాని అనుమానించడం వేరు, పదిమందిలో నవ్వులపాలు చేయడం వేరు. కార్యాలయం నుండి లేఖ తెమ్మన్నాడు. కార్యాలయంలో అలాంటి లేఖ ఇచ్చే పద్ధతే లేదన్నారు. సిఫారసు చేసేవారికి ఆ వస్తువు రైతు చేతికి చేరే దారి చూపే బాధ్యత ఉండదా?

2013లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, కొనేవారి ఫొటో గుర్తింపు కార్డు చూసి, కొనే కారణాన్ని రిజిస్టరులో రాసుకొని ఆమ్లం అమ్మవచ్చునని చదువుకున్న మా అల్లుడు చెప్పాడు. ఆధార్ కార్డు, పట్టాదారు పాసు పుస్తకం, ఆ చీటీ పట్టుకొని మళ్లీ వెళ్లి, ఈసారి యజమానితోనే మాట్లాడాను. ఆయన చీటీ చదివి, కారణం గడిలో "వరి విత్తనం నానబెట్టుటకు" అని రాసి, మారు మాట లేకుండా సీసా ఇచ్చాడు. ఆ యువకుడు తలెత్తలేదు.

ఆ తరువాతి పని సులువే. కిలో విత్తనానికి లీటరు నీరు సరిపోతుంది. ఎకరానికి 25 కిలోలు నానబెడితే, 10 మి.లీ. లెక్కన 250 మి.లీ. ఆమ్లం కావాలి. ఇనుప పాత్ర వాడకూడదు, ప్లాస్టిక్ తొట్టి మేలు. చేతులకు తొడుగులు వేసుకొని ఆమ్లాన్నే నీటిలో కొద్దికొద్దిగా పోయాలి, నీటిని ఆమ్లంలో ఎన్నడూ పోయరాదు. నానిన వడ్లను మంచినీళ్లతో బాగా కడిగి గోనె సంచుల్లో మండె కట్టాను. మొలక ఎంత సమంగా వచ్చిందంటే, సంచి విత్తనం కొన్న పక్క పొలం రైతు వచ్చి నా నారుమడి గట్టు మీద చాలాసేపు నిలబడి వెళ్లాడు.

నిద్రావస్థ తీరిన పాత వడ్లకు ఈ తిప్పలేవీ అవసరం లేదు; లీటరు నీటికి గ్రాము కార్బెండజిమ్ అనే తెగుళ్ల మందు కలిపి 24 గంటలు నానబెట్టి, మరో 24 గంటలు మండె కడితే చాలు.