మాత్రల డబ్బా ఎవరి దగ్గర పెట్టాలి

పల్లెటూళ్ళో ఇల్లు లేనివాళ్ళు ఎవరుంటారు, అదంతా సిటీల్లో కదా అని విజయవాడలో ఉండే మా చుట్టాలే అడుగుతుంటారు. ఉంటారండీ. మా గుంటూరు జిల్లా ప్రత్తిపాడు పక్కకి రండి, చూపిస్తా. బస్ షెల్టర్లో గోనెపట్టా మీద పడుకునే తాత, పొలం రాయించుకున్నాక కొడుకులు బయటికి పంపేస్తే గుడి మండపంలో ఉంటున్న మామ్మ, ఏ ఊరో చెప్పలేక రోడ్డు వెంట నడుస్తూ పోయే మతి చెదిరిన మనిషి, ఇక జనవరి వచ్చిందంటే ఆదోని, కోసిగి వైపు నుంచి మిరపకోతలకి పిల్లాజెల్లాతో దిగి చేను గట్టున పట్టాలు కట్టుకుని ఎండాకాలం దాకా వాటికిందే ఉండే కుటుంబాలు. వాళ్ళకి సొంతూళ్ళో ఇల్లుందిగా అంటారు, నిజమే ఉంది, తాళం వేసి 300 కిలోమీటర్ల అవతల ఉంది. పట్టణాల్లో అయితే లక్ష జనాభాకి కనీసం 100 మంది పట్టే షెల్టర్ ఒకటుండాలని రూల్స్ ఉన్నాయి, పల్లెకి ఆ లెక్కే లేదు.

నేను నర్సుని. మా లూథరన్ సంఘం వాళ్ళు పాత సండేస్కూల్ గది ఇస్తే అందులో శనివారం శనివారం క్లినిక్ పెడుతున్నాం. గుంటూరు నుంచి డాక్టర్ గారు వస్తారు, మందు రాసేది ఆయనే, మిగతా భారం అంతా అంటే ఎవరు ఎక్కడున్నారు, ఎవరు రాలేదు, ఎందుకు రాలేదు, కట్లకి గుడ్డ ఉందా లేదా, అదంతా నా మీద ఉంటది. డబ్బులు ఎక్కడివి అంటే స్త్రీల సమాజం అక్కలు వంట చేసేప్పుడు పక్కన తీసే పిడికెడు బియ్యం, కోతకాల పండగలో గుమ్మడికాయలూ కోళ్ళూ వేలం వేస్తే వచ్చింది, అంతే.

ఈ పనిలో ఉన్నకొద్దీ నాకు గట్టిగా అనిపించేది ఒకటే, మందు రాయడం ఇందులో సగం పని కూడా కాదు. ఆస్పత్రిలో మనం చెప్పే ప్రతి మాటా ఎదుటి మనిషికి ఇల్లుందనుకునే చెప్తాం. ఫ్రిజ్‌లో పెట్టుకోండి, అన్నం తిన్నాక వేసుకోండి, కాలు తడవనివ్వకండి, వారం తర్వాత మీవాళ్ళని ఎవరినైనా తోడు తెచ్చుకోండి. బస్ షెల్టర్ తాతకి వీటిల్లో ఏది కుదురుద్ది చెప్పండి?

ఆ తాతకి షుగరు. మాత్రలకి లొంగకపోతే డాక్టర్ గారు ఇన్సులిన్ రాశారు. విప్పని సీసా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, విప్పిందైతే మరీ వేడి తగలకుండా పెట్టి నెలలోపు వాడేయాలి, మే నెల గుంటూరు ఎండలో రేకుల షెల్టర్ కింద సంచిలో పడేస్తే అది మందుగా మిగలదు. విప్పనివి మా అయ్యగారి, అంటే మా పాస్టర్ గారి ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టాం. విప్పినదానికి కుండ తయారుచేశాం. పెద్ద కుండలో తడి ఇసుక, మధ్యలో చిన్న ముంత, ముంతలో స్టీలు డబ్బా, డబ్బాలో సీసా, పైన తడిగుడ్డ, రోజూ ఇసుక మీద నీళ్ళు చల్లాలి. కుండ బాగానే ఉంది, దాన్ని పెట్టేదెక్కడ? షెల్టర్ ఎదురుగా టీ హోటలాయన్ని అడిగాను. ఏటా అయ్యప్ప మాల వేసుకునే మనిషి, మా చర్చి గేటు లోపలికి ఎప్పుడూ వచ్చింది లేదు. "కుండే కదా సిస్టరూ, పాలక్యాన్ల పక్కన పెట్టండి" అన్నాడు, అంతే, ఇంకో ప్రశ్న లేదు. సూది వేసుకుని తినకపోతే షుగరు ఒక్కసారిగా పడిపోయి చెమటలు పట్టి మనిషి సోలిపోతాడని నేను చెప్పిన మాట గుర్తుపెట్టుకుని ఆయనే ఒక రూలు పెట్టాడు, ఇడ్లీ ప్లేటు ముందుకొచ్చాకే సూది. "తాతా, ముందు ఇడ్లీ చూడు, తర్వాత సూది తియ్యి" అని పొద్దునా సాయంత్రం ఆయన అరుపు రోడ్డు ఇవతలికి వినపడుద్ది. ఇడ్లీల లెక్క శనివారం మేం కట్టేస్తాం, కొన్ని వారాలు తీసుకోడు.

బైబిల్లో మంచి సమరయుడి కథ మనకి చిన్నప్పటి నుంచీ కంఠతా, దొంగలు కొట్టి దారిలో పడేసిన మనిషిని సమరయ దేశపు మనిషి ఒకడు ఆదుకున్న కథ. నూనె పోసి కట్టు కట్టడం దగ్గరే చాలా ప్రసంగాలు ఆగిపోతాయి. ఆ తర్వాతది చూడండి. ఆ మనిషిని తన పశువు మీద ఎక్కించుకుని పూటకూళ్ళాయన దగ్గరికి తీసుకెళ్ళాడు, మర్నాడు రెండు దేనారాలు అంటే రెండు రోజుల కూలి చేతిలో పెట్టాడు, ఇంకా ఖర్చైతే నేను తిరిగొచ్చేప్పుడు ఇస్తా అన్నాడు. సమరయుడు దారినపడ్డాక ఆ దెబ్బలు తిన్న మనిషికి అన్నం పెట్టింది, కట్లు మార్చింది ఆ పూటకూళ్ళాయనే. ఆయన పేరు యేసయ్య చెప్పలేదు, ఆయన ఎవర్ని మొక్కుతాడో కూడా చెప్పలేదు. నా మటుకు నాకు క్లినిక్ నడపడం అంటే ఊరూరా అలాంటి మనిషిని వెతుక్కోవడం, తిరిగొస్తా అని చెప్పి నిజంగా తిరిగి రావడం.

తిరిగి రావడం ఎందుకింత అంటున్నానంటే, మేం చూసే జబ్బులన్నీ తేదీల మీద నడిచేవే. టీబీ మందు 6 నెలలు రోజూ పడాలి, మధ్యలో ఆపితే మొండిగా తయారవుద్ది. ప్రభుత్వం మందు ఫ్రీగా ఇస్తది, తిండికి నెలకి ఇచ్చే 500ని 2024 నవంబర్ నుంచి 1000 చేసింది, మంచిదే, కానీ అది బ్యాంకు ఖాతాలో పడుద్ది, మండపంలో ఉండే మామ్మకి ఖాతా ఎక్కడిది, ఆధార్ కార్డు కొడుకు బీరువాలో ఉంది. ఆ కార్డు కోసం మా అయ్యగారు, ఊరి పెద్దమనిషి కలిసి వెళ్ళి కొడుకుతో మాట్లాడి తీసుకొచ్చారు. మాత్రలు మాత్రం మండపం పక్కన పూలమ్ముకునే ఆమె దగ్గర ఉంటాయి.

కుక్క కరిస్తే సూదులు మొదటి రోజు, ఆ తర్వాత 3, 7, 28 రోజులకి. ఆరుబయట పడుకునేవాళ్ళకి కుక్క కాటు మామూలు సంగతి. మిరపకోతకి వచ్చిన ఒకమ్మ కొడుకుని కరిచింది, సబ్బు పెట్టి పావుగంట సేపు ధారగా నీళ్ళు పోసి కడిగించి పీహెచ్‌సీకి పంపాం, 28 రోజులకి మళ్ళీ రావాలమ్మా అంటే "అప్పటికి యాడుంటామో మాకే తెల్దు మేడం, మేస్త్రీ యాడికి తోలితే ఆడికి" అంది. సరే, తేదీ కార్డు మీద పెద్ద అక్షరాల్లో రాసి మేస్త్రీ ఫోన్ నంబర్ తీసుకున్నాను, ఆ రోజుకి వాళ్ళు సత్తెనపల్లి వైపు చేలల్లో ఉన్నారు, ఫోన్ చేస్తే మేస్త్రీయే బండి మీద పిల్లోణ్ణి అక్కడి ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. ఈ పట్టాల కింద పడుకునేవాళ్ళకి ఇంకోటి కూడా అదే పనిగా చెప్తుంటాం, కట్లపాము నిద్రలో కరిస్తే నొప్పి పెద్దగా తెలీదు, తెల్లారి కడుపునొప్పి అని లేచి రెప్పలు వాలిపోతుంటే మంత్రాలు వద్దు, వెంటనే 108కి ఫోన్ చెయ్యండి అని.

అన్నిటికన్నా కష్టం మతి చెదిరి తిరిగేవాళ్ళది. ఒకాయన మడమ మీద పుండుతో వచ్చాడు, అంటే రాలేదు, మా వాచ్‌మన్ తీసుకొచ్చాడు. పుండులో పురుగులు. టర్పెంటైన్ నూనె చుక్కలు వేస్తే అవి పైకి వస్తాయి, ఫోర్సెప్స్‌తో ఒక్కోటి తీయాలి, సెలైన్‌తో కడగాలి, మళ్ళీ వేయాలి. అంతసేపూ ఆయన సంచి గుండెకి హత్తుకుని కూర్చున్నాడు, సంచి జోలికి పోనంతవరకు కాలు కదపలేదు, పక్కన పెట్టమని మా పిల్ల ఒకతి చెయ్యి వేయబోతే మాత్రం లేచి నిలబడిపోయాడు. సంచి ఒళ్ళోనే ఉంచి కట్టు కట్టాం. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఇట్లా తిరిగే మనిషిని పోలీసులు 24 గంటల్లోపు ప్రభుత్వ ఆస్పత్రికి చేర్చాలి, స్టేషన్‌కి చెప్తే ఎస్సై గారు మంచిగానే స్పందించారు. ఆస్పత్రికి చేరాక మొదటి ప్రశ్న, అటెండర్ ఎవరు? మన దగ్గర ఏ వార్డులో అయినా తోడు మనిషి లేకపోతే రక్తం శాంపిల్ తీసుకెళ్ళే దిక్కుండదు, అన్నం తినిపించే దిక్కుండదు. అప్పటి నుంచి స్త్రీల సమాజం అక్కలు, యూత్ పిల్లలు వంతులు వేసుకున్నారు. ఆరాధనలో పాట నడిపించే పిల్లాడు రాత్రి వార్డులో స్టూలు మీద కూర్చుని సెలైన్ సీసా చూస్తుంటే అది కూడా ఆరాధనే అని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

ఇక క్లినిక్‌లో ప్రార్థన సంగతి చాలామంది అడుగుతారు. తలుపులు తీయకముందు మేమందరం ప్రార్థన చేసుకుంటాం, అది లేకుండా నేను ఒక్క శనివారం కూడా మొదలుపెట్టలేను. కానీ మందుల బల్ల దగ్గర వాక్యం చెప్పం, కరపత్రాలు ఇవ్వం. ఆకలితో ఉన్న మనిషి ఎదురు చెప్పలేడు కదండీ, మాత్ర కోసం ఆమేన్ అంటే అది ఆయన విశ్వాసం కాదు, మన బలవంతం. పదిమంది కుష్ఠరోగుల్ని బాగుచేస్తే ఒక్కడే తిరిగొచ్చి దండం పెట్టాడు, మిగతా తొమ్మిదిమంది ఏరీ అని యేసయ్య అడిగాడు గానీ వాళ్ళ స్వస్థత వెనక్కి తీసుకున్నట్టు ఎక్కడా లేదు. ఎవరైనా అమ్మా ప్రార్థన చెయ్యి అని అడిగితే చెయ్యి పట్టుకుని చేస్తాను, సంతోషంగా చేస్తాను.

మన విశ్వాసులకి ఒక మాట, కోపంగా కాదు, బాధతో చెప్తున్నా. స్వస్థత కూటాలకి, అంటే ప్రార్థనతో జబ్బులు బాగుచేస్తామనే సభలకి వెళ్ళొచ్చి మూర్ఛ మాత్రలు మానేసినవాళ్ళని చూస్తున్నాను. ఒక చెల్లి అట్లాగే మానేసి కాలవ గట్టు మీద నడుస్తూ ఫిట్స్ వచ్చి పడింది, గడ్డి కోసేవాళ్ళు చూసి లాగారు కాబట్టి బతికింది. ఫిట్స్ మందు ఒక్కసారిగా ఆపితే ఇంతకుముందుకన్నా గట్టిగా వస్తాయి. ప్రార్థన చెయ్యండి, ఉపవాసం ఉండండి, నేనూ ఉంటాను. యేసయ్య కుష్ఠరోగిని ముట్టి బాగుచేశాక కూడా వెళ్ళి యాజకుడికి (గుడి పూజారికి) కనబర్చుకో అన్నాడు, ఆ రోజుల్లో జబ్బు తగ్గిందో లేదో చూసి తేల్చాల్సింది యాజకుడే. ఈ రోజున ఆ పని డాక్టర్‌ది. మందు ఆపమని చెప్పే అధికారం స్టేజీ మీద మైకు పట్టుకున్నవాళ్ళకి లేదు.

మా గుంటూరులో ఈ పని కొత్తదేం కాదు. 1883లో అన్నా కుగ్లర్ అమ్మగారు అమెరికా నుంచి వచ్చారు, డాక్టర్ చదివొచ్చినా మొదట్లో మిషన్ ఆమెకి అప్పగించింది బళ్ళ పని, ఆడవాళ్ళ మధ్య ఇళ్ళల్లో చెప్పే పని. ఆ ఇళ్ళల్లోనే జబ్బులు చూసి చూసి ఆస్పత్రి దాకా తెచ్చారు, దాన్ని ఇప్పటికీ కుగ్లర్ ఆస్పత్రి అనే అంటాం. 1930లో ఇక్కడే కన్నుమూశారు. వచ్చి వెళ్ళిపోయే క్యాంపులు, ఫోటో దిగి బ్యానర్ మడిచేసే క్యాంపులు చూసినప్పుడల్లా నాకు ఆమే గుర్తొస్తారు.

ఈ కోతల సీజన్‌కి మాకు బాగా కావాల్సినవి ఓఆర్ఎస్ ప్యాకెట్లు, గాజు గుడ్డ (పుండు మీద వేసే పలచని గుడ్డ), కట్టు అంటించే మైక్రోపోర్ టేపు, ఇంకా మిరపకాయ మంటకి చేతులకి రాసుకునే కొబ్బరినూనె (ఆ మంట వట్టి నీళ్ళకి పోదు, నూనె రాసి తర్వాత సబ్బుతో కడగాలి). వీటన్నిటికన్నా ముందు మనుషులు కావాలి. గుంటూరులో ఉండి పెద్దాసుపత్రిలో నెలకి ఒక రాత్రి అటెండర్‌గా కూర్చోగలిగినవాళ్ళు ఉంటే మీ సంఘంలో స్త్రీల సమాజం వాళ్ళకి పేరు ఇవ్వండి, ఏ సంఘమైనా పర్లేదు, అసలు సంఘమే లేకపోయినా పర్లేదు, రాత్రికి దుప్పటి, దోమల కాయిల్ మేం పంపిస్తాం.