రెండుకి లాగ్ ఎంతరా?

నిద్రలో లేపి అడిగినా 0.3010 అని చెప్పాలి. మన లెక్కల మాస్టారి దగ్గర చదివిన ఎవరికైనా అది తెలుసు. తొమ్మిదో తరగతిలో నేను దాన్ని పరీక్ష కోసమే బట్టీ పట్టాను. ఇన్నేళ్లుగా నాకు కూడు పెడుతున్నది ఆ అంకే.

సెల్ టవర్లను ఒకదానితో ఒకటి మైక్రోవేవ్ లింకులతో కలిపే పని నాది. మా దగ్గర మాటలన్నీ డీబీల్లోనే, అంటే డెసిబెల్స్‌లో. పవర్ రెట్టింపైతే 3 డీబీ పెరిగిందంటాం. రెండు లాగ్‌ని పదితో గుణిస్తే వచ్చే 3.01 అది! ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో ఈ సంగతి తట్టినప్పుడు, పర్లాకిమిడిలో మన క్లాసు గది, బోర్డు మీద సుద్దముక్క చప్పుడు గుర్తొచ్చాయి.

అప్పట్లో టోపో షీట్లు (ఎత్తులు చూపే పటాలు) పరిచి, కొండల ఎత్తులు గ్రాఫు మీద గీసి, కాలిక్యులేటర్‌తో లెక్క కట్టేవాళ్లం. ఇప్పుడు అదంతా ఫోన్లో ఒక యాప్. ఫ్రీక్వెన్సీ, దూరం కొడితే దారిలో ఎంత సిగ్నల్ పోతుందో చెప్పేస్తుంది. ఎదురుగా అవతలి టవర్ కనిపిస్తే సరిపోదు. రేడియో తరంగానికి చుట్టూ కొంత ఖాళీ కావాలి. 7 గిగాహెర్ట్జ్‌లో 20 కిలోమీటర్ల లింకుకి సరిగ్గా మధ్యలో చుట్టూ 9 మీటర్లయినా అడ్డు లేకుండా ఉండాలి. భూమి గుండ్రంగా ఉండటం వల్ల మధ్యలో వచ్చే ఉబ్బు ఇంకో 6 మీటర్లు. ఈ లెక్కలు యాప్ చిటికెలో చేస్తుంది. నేను చూసుకునేది ఒకటే, నెట్ లేకుండా నడవాలి. మేం వెళ్లేదే సిగ్నల్ లేని ఊరికి కదా.

గుమ్మ వైపు కొండ మీద ఒక లింకు పెట్టినప్పటి సంగతి చెప్పాలి. సవర గూడేలకి మొదటిసారి ఫోన్ వచ్చే టవర్ అది. దూరం 20 కిలోమీటర్లు, రెండు వైపులా 1.2 మీటర్ల డిష్‌లు. యాప్ ప్రకారం అందే సిగ్నల్ −39 డీబీఎం (మిల్లీవాట్‌తో పోల్చి చెప్పే డీబీ) రావాలి. మీటర్ −61 చూపిస్తోంది. చీకటి పడుతోంది, పైన డిష్ బిగించే రిగ్గర్ చేతులు నొప్పెట్టి కేకలేస్తున్నాడు, నాకు టెన్షన్. కేబుల్ మార్చాం, కనెక్టర్ విప్పి మళ్లీ బిగించాం. ఏమీ మారలేదు.

అప్పుడు కూర్చుని నోటితోనే లెక్క వేశాను. తేడా 22 డీబీ. 20 డీబీ అంటే వంద రెట్లు, మిగతా 2 డీబీ ఒకటిన్నర రెట్లకి కాస్త ఎక్కువ. అంటే రావాల్సిన దానిలో సుమారు 160వ వంతే వస్తోంది. కనెక్టర్ వదులైతే అంకె మామూలుగా ఊగుతుంది, ఇంత నిలకడగా ఉండదు. డిష్‌కి బలమైన అసలు కిరణంతో పాటు పక్కన బలహీనమైన కిరణాలూ ఉంటాయి. మాది అసలు కిరణాన్ని వదిలేసి పక్క కిరణాన్ని పట్టుకుంది. తప్పు నాదే. ఇనుప టవర్ కింద నిలబడి ఫోన్ దిక్సూచితో దిశ చూశాను. ఇనుము పక్కన అది తప్పు చూపిస్తుంది. ముప్పై అడుగులు దూరం నడిచి మళ్లీ చూస్తే నాలుగు డిగ్రీల తేడా! డిష్ తిప్పించాను. మీటర్ −40కి వచ్చింది.

కొత్తగా చేరే పిల్లలకి యాప్ వాడమనే చెబుతాను. కానీ 7000 మెగాహెర్ట్జ్ కొట్టాల్సిన గడిలో 7 కొడితే అది నోరెత్తదు. దారిలో పోయే సిగ్నల్ 135 డీబీ రావాల్సిన చోట 75 చూపించి ఊరుకుంటుంది. ఈ లెక్కలో ఫ్రీక్వెన్సీ లాగ్‌ని పదితో కాదు, ఇరవైతో గుణించాలి కాబట్టి, ఫ్రీక్వెన్సీ వెయ్యి రెట్లు మారితే 60 డీబీ మారుతుందని మనసులో ఉన్నవాడే దాన్ని పట్టుకుంటాడు. బటన్ నొక్కకముందు జవాబు ఎంతుంటుందో అనుకోమని మాస్టారు మనకి చెప్పింది అదే.

కిందటి దసరాకి ఆయన ఇంటికి వెళ్లి యాప్ చూపించాను. కళ్లజోడు సర్దుకుని, ఫోన్ తీసుకుని, తనే 2 వాట్లు అని కొట్టారు. 33.01 డీబీఎం అని వచ్చింది.

"0.3010 ఉందిలే. ఆ 30 ఎక్కడిదిరా?"

"మిల్లీవాట్ల నుంచి లెక్క మాస్టారూ. వాట్‌కి వెయ్యి."

"వెయ్యికి లాగ్ మూడు. పదితో గుణిస్తే ముప్పై." తలూపి, 4 వాట్లు కొట్టారు. జవాబు రాకముందే, "36.02" అన్నారు.